రాజ్యాంగం రాసిన చెయ్యి, అప్పుకి జైలుకెళ్ళిన జడ్జి: జేమ్స్ విల్సన్‌ని మర్చిపోవడం న్యాయమేనా?

ఫిలీ_పంతులు

పోయిన శనివారం మావాణ్ణి వెంటబెట్టుకుని ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగ మ్యూజియానికి వెళ్ళాను. ఒక హాలు నిండా నిలువెత్తు కంచు విగ్రహాలు, 42. 1787లో సంతకం పెట్టిన 39 మంది, పెట్టం పొమ్మన్న ముగ్గురు. ఫ్రాంక్లిన్ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగడానికి జనం తోసుకుంటున్నారు. జేమ్స్ విల్సన్ దగ్గర మనిషన్నవాడు లేడు. "ఈయనెవరు నాన్నా, ఏం చేశాడు?" అన్నాడు మావాడు. చెప్పబోతే ఆకలేస్తోందన్నాడు. వాడికి చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను, భరించండి.

1742లో స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. సెయింట్ ఆండ్రూస్‌లో చదివి 1765లో ఇటు ఓడెక్కాడు. చదువు తప్ప చేతిలో పెద్దగా ఏమీ లేదు, మనలో చాలామందిలాగే. జాన్ డికిన్సన్ అనే పేరుమోసిన లాయరు దగ్గర పని నేర్చుకుని, ముందు రెడింగ్‌లో, తర్వాత కార్లైల్‌లో ప్రాక్టీసు పెట్టాడు. బ్రిటిష్ పార్లమెంటుకి అమెరికా వలస రాజ్యాల మీద చట్టాలు చేసే హక్కే లేదని 1774లో కరపత్రం అచ్చు వేయించాడు. 1776 జులై 2న పెన్సిల్వేనియా ప్రతినిధులు స్వాతంత్ర్యం వైపు మొగ్గింది 3-2 తేడాతో. ఆ ముగ్గురిలో ఈయనొకడు. గురువు డికిన్సన్ ఆ రోజు ఓటింగుకి దూరంగా ఉండిపోయాడు, శిష్యుడు సై అన్నాడు. స్వాతంత్ర్య ప్రకటన మీదా రాజ్యాంగం మీదా సంతకాలున్నవాళ్ళు మొత్తం ఆరుగురే, అందులోనూ ఉన్నాడు.

రాజ్యాంగం రాయడానికి కూడిన 1787 సభలో 168 సార్లు లేచి మాట్లాడాడు. గవర్నూర్ మోరిస్ ఒక్కడే అంతకంటే ఎక్కువ. మొదటి ముసాయిదా తయారుచేసిన అయిదుగురి కమిటీలో సభ్యుడు. ఆయన చేతిరాతలో చిత్తుప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. ప్రెసిడెంటుని జనమే నేరుగా ఎన్నుకోవాలన్నాడు, సెనేటర్లని కూడా. మిగతావాళ్ళు వినలేదు. సెనేట్ సంగతి 1913కి గానీ తేలలేదు, ప్రెసిడెంటు సంగతి ఈరోజుకీ తేలలేదు.

1789లో సుప్రీంకోర్టు మొదటి జడ్జిల్లో ఒకడయ్యాడు. 1798లో, అదే పదవిలో ఉండగానే, అప్పులవాళ్ళకి మొహం చాటేసి నార్త్ కరోలినాలో ఈడెంటన్ అనే చిన్న ఊళ్ళో ఒక సత్రం గదిలో చనిపోయాడు. 55 ఏళ్ళు.

చివరి రెండేళ్ళు చూసి ముందటి ముప్ఫై ఏళ్ళూ చెరిపేశారని నా వాదన. కాదనేవాళ్ళు రండి.

ఓరుగల్లు_వకీల్

పంతులుగారూ, నేను కాదంటున్న.

చివరి రెండేండ్లు అని తేలికగ చెప్తున్నరు గాని, జడ్జికి అంతకన్న పెద్ద మచ్చ ఏముంటది సార్? ఒకసారి గాదు, రెండుసార్లు జైలుకు పోయిండు. 1797ల న్యూజెర్సీలోని బర్లింగ్‌టన్‌ల పెడితే కొడుకు పైసలు కట్టి విడిపించిండు. మళ్ళ నార్త్ కరోలినాల, దగ్గరదగ్గర రెండు నెలలు. సుప్రీంకోర్టు జడ్జి బోనులకు అవుతల కూసోవాల్సినోడు, కటకటాల వెనక కూసున్నడు. అయినా రాజీనామా చెయ్యలే! మా బార్‌ల ఒక మున్సిఫ్ మీద చెక్కు బౌన్సు కేసు పడ్డదంటేనే పొద్దుగూకే వరకు క్యాంటీన్‌ల అదే ముచ్చట.

ఆశ సుత తక్కువ లేదు. చీఫ్ జస్టిస్ కుర్చీ నాకియ్యమని వాషింగ్టన్‌కు తనే ఉత్తరం రాసుకున్నడు. వాషింగ్టన్ ఆ కుర్చీ జాన్ జేకు ఇచ్చిండు, ఈయనకు పక్క కుర్చీ ఇచ్చిండు. మర్చిపోయిన్రంటే ఊకనే మర్చిపోలేదు.

పద్దుల_రావు

ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో లోన్ల సెక్షన్లో కూర్చున్నవాణ్ణి. ఈ అప్పు సంగతి కాస్త విడమర్చనివ్వండి, ఎందుకంటే అందరూ "అప్పులు చేశాడు" అంటారు గానీ ఏ అప్పో చెప్పరు.

ఆయన తాగుడికో పేకాటకో చేసిన అప్పు కాదు. భూమి. పెన్సిల్వేనియాలో, న్యూయార్క్‌లో, జార్జియా యాజూ భూముల్లో లక్షల ఎకరాలు. మన ఊళ్ళలో అగ్రిమెంటు మీద తిప్పడం అంటారే, అదే. కొంచెం అడ్వాన్సిచ్చి కాగితం రాయించుకోవడం, మిగతా సొమ్ము కట్టే గడువులోపు ఇంకొకడికి ఎక్కువకి అమ్మేయడం. విల్సన్ లెక్క ఏమిటంటే యూరప్ నుంచి జనం ఓడల మీద ఓడలు దిగుతారు, భూమి కొంటారు. జనం వచ్చారు, నిజమే. ఆయన నోట్ల గడువులోపు రాలేదు. 1796-97లో అప్పులిచ్చే చేతులన్నీ ఒక్కసారి ముడుచుకుపోయాయి. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అంతటిదే నోటుకి బంగారం ఇవ్వనని చేతులెత్తేసింది. ఇక ఫిలడెల్ఫియాలో నోటు రాసుకుని తిరిగేవాడి గతేం కాను?

ఈయనొక్కడే మునగలేదు. విప్లవానికి డబ్బు సర్దిన రాబర్ట్ మోరిస్, అమెరికాలోకెల్లా ధనవంతుడనిపించుకున్నవాడు, 1798 నుంచి మూడేళ్ళకి పైగా అప్పులవాళ్ళ జైల్లో ఉన్నాడు. 1800లో కాంగ్రెస్ మొదటి దివాలా చట్టం చేసింది. విల్సన్ ఇంకో రెండేళ్ళు బతికుంటే అది ఆయనకీ పనికొచ్చేదేమో.

అయితే వకీల్‌గారితో ఒక చోట ఏకీభవిస్తాను. యాజూ భూములు మంచి సరుకు కాదు. 1795లో జార్జియా శాసనసభ్యులకి వాటాలు పంచి కారుచౌకగా కొట్టేసిన భూమి అది. మరుసటి ఏడాదే కొత్త శాసనసభ ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. సుప్రీంకోర్టు జడ్జి అందులో వేలు పెట్టాల్సింది కాదు.

సీతాలు_కాకినాడ

మగవాళ్ళంతా అప్పు గురించి మాట్లాడుకుంటున్నారు, బావుంది. అసలు సంగతి ఎవరూ ఎత్తరేమండీ?

1787 జూన్ 11న సభలో లేచి, ఏ రాష్ట్రానికి కాంగ్రెస్‌లో ఎన్ని సీట్లు అన్న లెక్కకి స్వేచ్ఛగా ఉన్నవాళ్ళందరినీ, మిగతావాళ్ళలో అయిదింట మూడు వంతుల మందినీ కలుపుకోవాలని ప్రతిపాదించింది ఎవరు? జేమ్స్ విల్సన్. బలపరిచింది సౌత్ కరోలినా చార్లెస్ పింక్నీ. ఆ "మిగతావాళ్ళు" అంటే బానిసలు. ఓటు లేదు, పేరు లేదు, సొంత పిల్లల మీద కూడా హక్కు లేదు. కానీ యజమానికి సీట్లు పెంచడానికి మాత్రం వాళ్ళ తలకాయ అయిదింట మూడొంతులు పనికొస్తుంది. ఆ సీట్లతోపాటు ప్రెసిడెంటుని ఎన్నుకునే ఎలక్టర్లు కూడా దక్షిణాదికి ఎక్కువొచ్చారు.

పంతులుగారు 168 సార్లు అన్నారే, ఆ 168లో ఇదీ ఒకటి. ఇది చెప్పకుండా మీ అబ్బాయికి కథ చెబుతారా?

ఫిలీ_పంతులు

సీతాలుగారూ, చెప్పకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ కాస్త వివరం ఉంది.

ఆ మూడొంతుల లెక్క విల్సన్ బుర్రలో పుట్టింది కాదు. 1783లో రాష్ట్రాల మీద పన్ను పంచడానికి పాత కాంగ్రెస్ వేసిన లెక్క అది. పన్ను కట్టాల్సొస్తే బానిసల్ని తక్కువ లెక్కించమన్నది దక్షిణాది, సీట్లు వస్తాయంటే మొత్తం లెక్కించమన్నదీ దక్షిణాదే. ఉన్న అంకెని తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు, సభ విరిగిపోకుండా.

పైగా సరిగ్గా నెలకి, జులై 11న, ఆయనే ఏమన్నాడో చూడండి. ఈ మూడొంతులకి ఏ సూత్రం ఆధారమో నాకు అంతుపట్టడం లేదన్నాడు. వాళ్ళు పౌరులైతే తెల్లవాళ్ళతో సమానంగా ఎందుకు లెక్కించరు? ఆస్తి అయితే మిగతా ఆస్తిని ఎందుకు లెక్కించరు? రాజీ అవసరం కాబట్టి ఈ చిక్కుల్ని పక్కన పెట్టాలి అన్నాడు. ఆ సభలో ఉన్న ప్రతినిధి మాడిసన్ రాసుకున్న నోట్సులో ఉంది. ఆ సభలో ఎంతమంది ఆ మాత్రం నిజం ఒప్పుకున్నారు?

సీతాలు_కాకినాడ

ఇంకా దిగజార్చారు మీరు ఆయన్ని! తెలియక చేసినవాడికి ఒక దారుంది. తెలిసి చేసి, తెలుసునని సభలో చెప్పి మరీ చేసినవాణ్ణి ఏమనాలి?

ఇంకోటి వినండి. ఆ డిసెంబరులో పెన్సిల్వేనియా ఆమోద సభలో బానిస వ్యాపారం గురించి అడిగితే ఆయన చెప్పిన జవాబు: 1808 దాకా బానిసల దిగుమతిని ఆపడానికి కాంగ్రెస్‌కి వీల్లేదు, నిజమే, కానీ ఆ తర్వాత ఆపగలదు, ఈ దేశంలోంచి బానిసత్వాన్ని వెళ్ళగొట్టడానికి ఇది పునాది. కొత్త రాష్ట్రాల్లోకి అసలు రానివ్వరన్నాడు. 1792లో కెంటకీ వచ్చింది, 1796లో టెనెసీ వచ్చింది, రెండూ బానిసలతోనే. ఆయన అప్పటికి బతికే ఉన్నాడు, చూసే ఉంటాడు. 1790 జనాభా లెక్కల్లో దేశంలో బానిసలు దాదాపు 7 లక్షలు. 1860కి దాదాపు 40 లక్షలు.

పద్దుల రావుగారూ, మీ భాషలోనే చెబుతాను. ఇరవయ్యేళ్ళ గడువుతో ప్రామిసరీ నోటు రాశాడు. భూమికి రాసినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ గడువు తప్పితే జైలుకి వెళ్ళేది ఆయన కాదు.

పద్దుల_రావు

అమ్మా, నోటు పోలిక వింటే లోన్ల సెక్షన్లో ఉన్నవాడికి గుండె కలుక్కుమంది. కానీ ఒక చిన్న సవరణ. గడువు 1800 అని ఉంటే దాన్ని 1808కి జరిపినప్పుడు విల్సన్ రాష్ట్రం పెన్సిల్వేనియా వద్దని ఓటేసింది. మసాచుసెట్స్, కనెక్టికట్ లాంటి ఉత్తరాది రాష్ట్రాలు ఔనన్నాయి.

సీతాలు_కాకినాడ

సవరణకి సవరణ బాబాయిగారూ. విల్సన్ ఉన్న అయిదుగురి కమిటీ ఆగస్టు 6న ఇచ్చిన ముసాయిదాలో అసలు గడువే లేదు. దిగుమతిని కాంగ్రెస్ ఎప్పటికీ ఆపకూడదనే ఉంది. పంతులుగారు గర్వంగా చెప్పిన కమిటీ అదే.

ఫిలీ_పంతులు

కమిటీలో సౌత్ కరోలినా రట్లెడ్జ్ అధ్యక్షుడు. ఆ వాక్యం ఎవరి పట్టుదలతో వచ్చిందో ఊహించుకోవచ్చు. అయినా... సరే. ఈ పాయింటు మీదే.

కేరీ_కుర్రాడు

నాకొక డౌటు. డైరెక్టుగా జనం ఓటేయాలన్నది ఈయనే అంటున్నారు. మరి ఈ ఎలక్టర్ల గోల ఎవడు పెట్టాడు? ప్రతి నాలుగేళ్ళకీ మా ఆఫీసులో దీని మీద తన్నుకుంటాం.

ఓరుగల్లు_వకీల్

అది కూడ ఆయనే తమ్మీ! జూన్ 1న జనమే ఎన్నుకోవాలన్నడు. ఎవ్వరు వినలేదు. తెల్లారి, జూన్ 2న, జిల్లాలు చేసి ఒక్కో జిల్లాల జనం ఎలక్టర్లను ఎన్నుకోవాలె, వాళ్ళు ప్రెసిడెంటును ఎన్నుకోవాలె అని ఇంకో దారి తెచ్చిండు. అప్పుడు దాన్ని సుత కొట్టేసిన్రు. జులై 17న జనం ఓటు మళ్ళ ఓటింగుకు వస్తే పెన్సిల్వేనియా ఒక్కటే ఔనన్నది, తొమ్మిది రాష్ట్రాలు కాదన్నయ్. సెప్టెంబరుల ఇంకో కమిటీ ఎలక్టర్ల పద్ధతిని వేరే రూపంల బయటికి తీసింది. జనాన్ని ఎట్లన్న లోపటికి తీసుకురావాలెనని కిటికీ తెరిచిండు, వాళ్ళేమో కిటికీకి ఇనుప జాలీ కొట్టిన్రు.

చూసిన్రా, ఆయన తరఫున నేనే వాదిస్తున్న. వకీలు బుద్ధి.

సరే, ఎట్లాగు మొదలువెట్టిన గనుక ఇంకో రెండు మాటలు. 1778ల బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా ఇడిచిపోయినంక, వాళ్ళకు సాయం చేసిన్రని కొందరి మీద రాజద్రోహం కేసులు పెట్టిన్రు. ఊరంత ఉరి ఉరి అని ఒర్రుతాంటే ఈయన వాళ్ళ తరఫున నిలవడ్డడు. ఇద్దరిని నవంబరుల ఉరితీసిన్రు, మిగిలినోళ్ళల్ల చానమంది బయటపడ్డరు. దానికి ఫలితం ఏంది? 1779 అక్టోబర్ 4న, ధరలు మండుతున్న రోజులల్ల, తుపాకులు పట్టుకున్న మిలీషియా ఆయన ఇంటి మీదికి వచ్చింది. థర్డ్, వాల్‌నట్ వీధుల మూల మీద ఇల్లు. దోస్తులతోని లోపట దాక్కుని ఎదురు కాల్చిన్రు. రెండు దిక్కుల మనుషులు సచ్చిపోయిన్రు. గుర్రాల దళం వచ్చి కాపాడకపోతే మనకు ఈ చర్చనే లేదు. ఆ ఇంటికి 'ఫోర్ట్ విల్సన్' అని పేరు వడ్డది. ఎనిమిదేండ్ల తర్వాత ఆయన ఉన్న కమిటీ ముసాయిదాల, రాజద్రోహానికి ఇద్దరు సాక్షులు ఉంటెనే శిక్ష అని ఒక వాక్యం వచ్చింది. ఆ వాక్యం అమెరికా రాజ్యాంగంల ఇప్పటికీ ఉన్నది. సొంత అనుభవం ఊకనే పోలే.

రెండోది, 1793 చిషోమ్ కేసు. యుద్ధం టైంల జార్జియాకు సరుకు అమ్మిన వ్యాపారికి పైసలు రాలే. వ్యాపారి చచ్చిపోయినంక ఆయన ఆస్తి చూసేటోడు రాష్ట్రం మీద దావా వేసిండు. మేం సార్వభౌములం, మామీద దావా ఏంది, అని జార్జియా కోర్టుకే రాలే. విల్సన్ ఏమన్నడంటే, అమెరికా రాజ్యాంగానికి సార్వభౌముడు అన్న మాటనే తెల్వదు. ఒక్క మనిషి మాట మీద నిలబడాల్నంటే, మనుషుల గుంపు ఎందుకు నిలబడొద్దు? రాష్ట్రం అంటే మనుషుల గుంపే కదా! 4-1తోని వ్యాపారి గెలిచిండు. రాష్ట్రాలు అగ్గి మీద గుగ్గిలమై 1795ల 11వ సవరణ తెచ్చి తీర్పును పండవెట్టినయ్.

మన రాజ్యాంగ ప్రవేశికల దేశాన్ని వర్ణించే మాటలల్ల మొదటిదే "సర్వసత్తాక", అంటే సార్వభౌమ. కాని మన దగ్గర 300వ అధికరణం కింద సర్కారు మీద దావా వెయ్యొచ్చు. ఆయన రాజ్యాంగంల ఆ మాట లేదు, అయినా రాష్ట్రం మీద దావా వెయ్యరాదన్నరు. మా జూనియర్లకు ఇది చెప్తే నోరు తెరిచిన్రు.

పద్దుల_రావు

వకీల్‌గారూ, ఆ కేసులో నాకు నవ్వొచ్చేది ఇది: రాష్ట్రమైనా సరే బాకీ కట్టి తీరాలని రాసిన చెయ్యే, నాలుగేళ్ళకి సొంత బాకీ ఎగ్గొట్టి ఊరు దాటింది. నవ్వు అనకూడదేమో.

అన్నట్టు నార్త్ కరోలినాలో ఆయన్ని జైల్లో పెట్టించిన అప్పులవాడెవరో ఇక్కడ ఎవరూ చెప్పలేదు. పియర్స్ బట్లర్. సౌత్ కరోలినా తోటల ఆసామి. 1,97,000 డాలర్ల బాకీ. పంతులుగారు చూసొచ్చిన ఆ హాల్లో ఈయన విగ్రహం కూడా ఉంటుంది, అదే రాజ్యాంగం మీద సంతకం పెట్టినవాడే కాబట్టి. మూడొంతులు చాలవు, మా బానిసల్ని తెల్లవాళ్ళతో సమానంగా పూర్తిగా లెక్కించాలి అని సభలో పట్టుబట్టినవాడు. పారిపోయిన బానిసని పట్టి యజమానికి అప్పజెప్పాలన్న నిబంధన తెచ్చినవాడు కూడా ఈయనే.

సీతాలు_కాకినాడ

ఈ సంగతి నాకు తెలీదండి. బట్లర్! అంటే ఎవరిని ఊరుకోబెట్టడానికి 1787లో రాజీపడ్డాడో, వాళ్ళల్లో ఒకడే 1798లో వచ్చి కాలర్ పట్టుకున్నాడన్నమాట.

ఇక నాకు తెలిసింది చెబుతాను. విల్సన్ చివరి రోజులు గడిచింది ఈడెంటన్ కోర్టు పక్కనే ఉన్న హార్నిబ్లో సత్రంలో. తోటి జడ్జి ఐర్‌డెల్‌ది ఆ ఊరే. మలేరియా వచ్చింది, దాని మీద పక్షవాతం. రెండో భార్య హానా పక్కనే కూర్చుని చూసుకుంది. ఆవిడకి పెళ్ళినాటికి పంతొమ్మిదేళ్ళు, ఆయనకి యాభై దాటాయి. ఆగస్టు 21న పోయాడు. ఐర్‌డెల్ బావమరిది తోటలో పాతిపెట్టారు. 1906లో ఎముకలు తీసి ఫిలడెల్ఫియా క్రైస్ట్ చర్చికి తెచ్చారు.

ఇది అందరూ రాసే కథ. ఆ సత్రం నడిపిన హార్నిబ్లో కుటుంబానికి మోలీ అనే బానిస ఉండేది. వంట, చాకిరీ, పిల్లలకి పాలివ్వడం దాకా అన్నీ ఆవిడే. ఆవిడ మనవరాలు హారియెట్ జేకబ్స్. 1813లో అదే ఈడెంటన్‌లో పుట్టి, యజమాని చేతికి చిక్కకుండా అదే ఊళ్ళో అమ్మమ్మ ఇంటి చూరు కింద, నిలబడ్డానికి ఎత్తు లేని అటక మీద దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. తర్వాత ఉత్తరాదికి పారిపోయి తన కథ తనే రాసుకుంది. ఒకే ఊళ్ళో ఒకరు బాకీకి దాక్కున్నారు, ఒకరు సొంత ఒంటి కోసం దాక్కున్నారు. విగ్రహం ఎవరికుందో పంతులుగారు చూసొచ్చారు.

ఓరుగల్లు_వకీల్

అక్కా, దీనికి నా దగ్గర జవాబు లేదు. కాని ఒక్క మాట అడుగుత, కోపం చేసుకోకు. ఆ సత్రం గదిల ఉన్నోడు బట్లర్ అయితే నీకు ఇంత బాధ అయ్యేదా? విల్సన్ కాబట్టే అయితున్నది. ఎందుకంటే ఆయనకు తెలుసు అని మనకు తెలుసు.

సీతాలు_కాకినాడ

కోపం దేనికి. నిజమే అది. బట్లర్ నుంచి నేనేమీ ఆశించలేదు.

కేరీ_కుర్రాడు

ఫ్రాంక్లిన్ సమాధి మీద జనం పెన్నీలు విసురుతారు కదా, ఫిఫ్త్ వీధిలో. విల్సన్ది ఎక్కడ? అదే చోటా?

ఫిలీ_పంతులు

కాదు తమ్ముడూ. ఫ్రాంక్లిన్ది ఫిఫ్త్, ఆర్చ్ వీధుల మూల మీద శ్మశానం. విల్సన్ది సెకండ్ వీధిలో చర్చి ఆవరణలోనే, గోడ పక్కన. రెండు చోట్లకీ వెళ్ళాను. ఫ్రాంక్లిన్ పలక నిండా చిల్లర. ఇక్కడ ఒక్క పైసా లేదు. అప్పులవాళ్ళ భయం ఇంకా పోలేదేమో.

సీతాలుగారూ, నేను మొదట అడిగిన ప్రశ్న కొంచెం తప్పుగా అడిగానేమో. చెరిపేశారు అన్నాను. చెరిపింది అప్పు ఒక్కటే అనుకున్నాను. మీరు చెప్పిన భాగం ఎవరు చెరిపారో ఆలోచించలేదు, ఇన్నాళ్ళూ ఆయన గురించి చదివి కూడా. ఇకపైన ఆయన గురించి చెప్పేటప్పుడు జులై 11 మాటలతోనే మొదలుపెడతాను. ఆయన పక్షం మాత్రం వదలను. జనం ఓటు గురించి ఆ హాల్లో ఆయన చెప్పినంత గట్టిగా చెప్పినవాణ్ణి నాకింకొకణ్ణి చూపించండి, అప్పుడు వదులుతాను.

మావాడికి వచ్చే నెల సెలవులు. ఈడెంటన్ వెళ్దామనుకుంటున్నాం. ఆ కోర్టు భవనం 1767లో కట్టింది, ఇంకా నిలబడే ఉంది.

కేరీ_కుర్రాడు

అన్నా, మా ఇంటి నుంచి కారులో రెండు గంటలు. రాత్రికి మా ఇంట్లో దిగండి, పొద్దున్నే కలిసి వెళ్దాం. సీతాలుగారు చెప్పిన అటక గురించి నేనూ చూడాలి, ఇన్నేళ్ళుగా నార్త్ కరోలినాలో ఉండి బీచ్‌కి తప్ప అటు పోలేదు.

సీతాలు_కాకినాడ

ఆ ఇల్లు ఇప్పుడు లేదు బాబూ. సత్రం కూడా లేదు. కోర్టు దగ్గర నిలబడి చూసుకోవాలంతే. అబ్బాయికి నీళ్ళ సీసా పట్టించండి, ఆగస్టులో అక్కడ ఉక్క ఎలా ఉంటుందో విల్సన్‌ని అడగాలి.